బట్లర్ వంశం: ఆర్మండ్ పీఠం ఖాళీ అయినా కొమ్మల బిరుదులు ఎలా నిలిచాయి?

కొత్త చిగురు

సభ్యులందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా ఐర్లండ్ చరిత్ర చదువుతున్నాను. ఏ శతాబ్దం తెరిచినా బట్లర్ అనే ఇంటిపేరు ఎదురవుతోంది. అయితే ఒకచోట ఆర్మండ్ ఎర్ల్ అని, మరొకచోట మౌంట్‌గారెట్ వైకౌంట్ అని, ఇంకా డన్‌బాయిన్ బారన్, కాహిర్ బారన్, క్యారిక్ ఎర్ల్ అని కనిపిస్తున్నారు. డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అనేవి పైనుంచి కిందికి దిగే కులీన హోదాలని మాత్రం తెలుసు. వీరంతా ఒకే మూలపురుషుడి సంతతి అయినప్పుడు ఒక్కొక్క శాఖకు వేరువేరు బిరుదు ఎలా వచ్చింది? వీటన్నిటిలో పెద్దదైన ఆర్మండ్ బిరుదు 1997 నుంచి ఎవరి చేతిలోనూ లేదని, దానికంటే చిన్నవైన మౌంట్‌గారెట్, డన్‌బాయిన్ మాత్రం నేటికీ నడుస్తున్నాయని చదివాను. మాను ఎండిపోయాక కొమ్మలు పచ్చగా ఉండటం ఎలా సాధ్యమో తెలిసినవారు వివరించగలరు.

వంశలత

మంచి ప్రశ్న వేశారు. మొదలు దగ్గరి నుంచి చెప్పుకుంటూ వస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఈ వంశానికి మూలపురుషుడు థియోబాల్డ్ వాల్టర్. 1185లో ఇంగ్లండ్ రాజకుమారుడు జాన్ వెంట ఐర్లండ్‌లో అడుగుపెట్టాడు. ఇతని తమ్ముడు హ్యూబర్ట్ వాల్టర్ తరువాతి కాలంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. థియోబాల్డ్‌కు దక్కిన పదవి ఐర్లండ్ ప్రధాన బట్లర్, అంటే రాజుగారి విందులో ద్రాక్షాసవం అందించే అధికారి. మన వైపు కరణం, దేశ్‌ముఖ్, దేశ్‌పాండే అనే కొలువుల పేర్లు ఇంటిపేర్లుగా స్థిరపడినట్టే అక్కడ ఈ కొలువు పేరు వంశం పేరైంది. అది కేవలం గౌరవ పదవి కాదు. ఐర్లండ్ రేవులకు ద్రాక్షాసవంతో వచ్చే పెద్ద ఓడల నుంచి పీపాలు తీసుకునే హక్కు దానితోపాటే వచ్చింది. ఆ హక్కును ఈ వంశం ఆరు శతాబ్దాలు అనుభవించింది. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో ప్రభుత్వం దాన్ని తిరిగి కొన్నప్పుడు చెల్లించిన వెల 2,16,000 పౌండ్లు. ఆ కాలపు ధరల్లో అది ఎంత పెద్ద మొత్తమో ఊహించుకోవచ్చు.

ఇక శాఖల విషయం. ఎర్ల్ బిరుదు ఈ ఇంటికి రాకముందే ఒక తమ్ముడు డన్‌బాయిన్ వారి ఆడపడుచును పెళ్లాడి మీథ్ ప్రాంతంలో స్థిరపడ్డాడు. డన్‌బాయిన్ శాఖ అతనిది. అతని అన్న కొడుకు జేమ్స్‌కు 1328లో ఆర్మండ్ ఎర్ల్ బిరుదు వచ్చింది. జేమ్స్ భార్య ఎలినార్ ద బోహన్ ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌కు దౌహిత్రి. జేమ్స్ తమ్ముడు జాన్ సంతతికి 1629లో ఐకెరిన్ వైకౌంట్, 1748లో క్యారిక్ ఎర్ల్ బిరుదులు దక్కాయి. కాహిర్ శాఖ 3వ ఎర్ల్ వివాహేతర సంతానం నుంచి పుట్టింది. మౌంట్‌గారెట్ శాఖ వీటన్నిటికంటే చాలా ఆలస్యంగా, 8వ ఎర్ల్ పియర్స్ చిన్న కొడుకు రిచర్డ్‌తో మొదలైంది. అతనికి ఆ బిరుదు 1550లో ఇచ్చారు.

గమనించవలసినది ఏమిటంటే, ఈ బిరుదులేవీ ఆర్మండ్ బిరుదును ముక్కలు చేసి పంచినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క రాజు ఒక్కొక్క మనిషికి విడిగా రాసిచ్చినది. అందువల్ల వాటి ఆయుష్షు కూడా విడివిడిగానే ఉంటుంది.

చరిత్ర అభిమాని

వంశలత గారి వివరణ బాగుంది. లేన్స్‌బరో ఎర్ల్‌ను మాత్రం వారు వదిలివేశారు. ఆ ఇంటిపేరు కూడా బట్లరే. 1715లో న్యూటౌన్-బట్లర్ బారన్, 1728లో లేన్స్‌బరో వైకౌంట్, 1756లో ఎర్ల్ అయ్యారు. 1998లో ఆ బిరుదు అంతరించింది. ఆర్మండ్ 1997లో, లేన్స్‌బరో 1998లో పోయాయంటే ఒకే వంశంలో రెండు పెద్ద శాఖలు ఏడాది తేడాతో ముగిసినట్టే కదా?

వంశలత

చరిత్ర అభిమాని గారూ, సంవత్సరాలన్నీ సరైనవే కానీ వంశం వేరు. లేన్స్‌బరో బట్లర్లు థియోబాల్డ్ వాల్టర్ సంతతి కారు. 17వ శతాబ్దం మొదట్లో అల్‌స్టర్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ వారికి భూములు పంచిపెట్టినప్పుడు స్టీఫెన్ బట్లర్ అనే ఆంగ్లేయుడు కావన్ జిల్లాలోని బెల్టర్‌బెట్‌లో భూమి పొంది స్థిరపడ్డాడు. లేన్స్‌బరో వారు అతని సంతతి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కానవసరం లేదని మనకు వేరే చెప్పనక్కరలేదు. ఈ పొరపాటు అచ్చయిన పుస్తకాల్లోనూ జరుగుతుంది కాబట్టి మీరు ఇక్కడ ప్రస్తావించడమే మంచిదైంది.

చరిత్ర అభిమాని

సవరించినందుకు కృతజ్ఞతలు. నా రాతపుస్తకంలో రెండు వంశాలనూ ఒకే పుటలో రాసుకున్నాను. ఈ పూటే విడదీస్తాను.

పాత దస్తావేజు

నా ఉద్యోగ జీవితం దస్తావేజులు చదవడంలోనే గడిచింది. అందువల్ల ఈ చర్చను నేను ఆ వైపు నుంచి చూస్తాను. మన పాత క్రయ పత్రాల్లో ‘మీరు, మీ పుత్రపౌత్ర పారంపర్యముగా, దానవిక్రయాది సర్వ స్వాతంత్ర్యములతో అనుభవించవలెను’ అనే వాక్యం తప్పక ఉంటుంది. మనం దాన్ని అలవాటుగా చదివి దాటిపోతాం. ఇంగ్లండ్ రాజు బిరుదు ఇచ్చే పత్రంలో మాత్రం ఆ ‘పుత్రపౌత్ర’ అన్న ముక్కే ప్రాణం. చాలా పత్రాల్లో ‘ఇతని శరీరం నుంచి పుట్టిన మగ సంతతికి’ అని ఉంటుంది. అంటే కొడుకు, కొడుకు కొడుకు, ఆ వరుస తెగితే అదే మనిషికి పుట్టిన మరో కొడుకు మగ సంతతి. ఆ మనిషి తమ్ముడికి దాంట్లో చోటు లేదు, కూతురికి లేదు, దౌహిత్రుడికీ లేదు. బిరుదుకు ‘దానవిక్రయాది’ హక్కులు కూడా లేవు. అమ్ముకోలేరు, వీలునామా రాయలేరు, తమ ఇష్టం వచ్చినవారికి ఇవ్వలేరు.

కొత్త చిగురు గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. 1825లో ఆర్మండ్ 19వ ఎర్ల్‌ను మార్క్వెస్ చేసినప్పుడు ఆ పత్రం అతని నుంచే మొదలైంది. 1997లో 7వ మార్క్వెస్ కొడుకులు లేకుండా మరణించినప్పుడు 19వ ఎర్ల్ మగ సంతతి మొత్తం ముగిసింది. కాబట్టి మార్క్వెస్ బిరుదు అంతరించింది. 1328 నాటి ఎర్ల్ బిరుదు మూలం ఐదు వందల ఏళ్లు వెనక ఉంది. అంత వెనక్కి వెళితే దాయాదులు ఇంకా మిగిలే ఉన్నారు. అందుకే దాన్ని అంతరించినదని అనరు, నిద్రాణంగా ఉన్నదని అంటారు. చాలామంది ఈ రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడటం నాకు బాధ కలిగిస్తుంది. ఒకటి చనిపోవడం, మరొకటి హక్కుదారు ముందుకు వచ్చి రుజువు చూపేవరకు ఆగి ఉండటం.

గోదావరి గట్టు

కూతుళ్లకు బిరుదు రాదన్నారు. మరి ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ రాణి ఆన్ బోలిన్ తండ్రి థామస్ బోలిన్ ఆర్మండ్ ఎర్ల్ ఎలా అయ్యాడు? ఆయన బట్లర్ కాదు కదా. తల్లి తరఫు నుంచే కదా ఆయన ఆ బిరుదు కోరింది?

వంశలత

గోదావరి గట్టు గారు అసలైన ముడి మీద వేలు పెట్టారు. 7వ ఎర్ల్ థామస్ 1515లో చనిపోయాడు. కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్లు. ఒకరు సెయింట్ లెజర్ ఇంటికి, మరొకరు, అంటే మార్గరెట్, బోలిన్ ఇంటికి వెళ్లారు. మార్గరెట్ కొడుకే థామస్ బోలిన్. ఇటు ఐర్లండ్‌లో 3వ ఎర్ల్ రెండో కొడుకు వంశానికి చెందిన పియర్స్ రువా, అంటే ఎర్ర పియర్స్, భూములన్నీ తన అధీనంలో ఉంచుకుని బిరుదు తనదేనని నిలబడ్డాడు. దాయాదికీ దౌహిత్రుడికీ మధ్య వ్యాజ్యమన్నమాట. ఒక దశలో పియర్స్ కొడుకు జేమ్స్‌కు ఆన్ బోలిన్‌ను ఇచ్చి పెళ్లి చేసి తగవు తీర్చాలని ఆలోచించారు. ఆ సంబంధం కుదరలేదు. కుదిరి ఉంటే ఇంగ్లండ్ చరిత్ర ఏ దారి పట్టేదో!

8వ హెన్రీ చూపు ఆన్ మీద పడిన తరువాత చట్టం పక్కకు జరిగింది. 1528లో పియర్స్‌తో ఆర్మండ్ బిరుదును వదిలించి ఓసరీ ఎర్ల్ అనే కొత్త బిరుదు ఇచ్చారు. 1529లో థామస్ బోలిన్‌ను ఆర్మండ్, విల్ట్‌షైర్ ఎర్ల్‌గా చేశారు. 1536లో ఆన్ తల తెగింది. 1538లో, థామస్ బోలిన్ ఇంకా బతికి ఉండగానే, పియర్స్‌కు ఆర్మండ్ బిరుదు తిరిగి వచ్చింది. తరువాతి ఏడాది ఇద్దరూ చనిపోయారు. కాబట్టి బోలిన్ ఉదాహరణను చట్టానికి ప్రమాణంగా తీసుకోకూడదని, రాజు ఇష్టానికి ప్రమాణంగా మాత్రమే తీసుకోవాలని నా అభిప్రాయం.

నోర్ ఒడ్డు

నేను ఉద్యోగరీత్యా ఐర్లండ్‌లో ఉంటున్నాను. ఎర్ర పియర్స్ పేరు వచ్చింది కాబట్టి కళ్లారా చూసినవి రెండు చెబుతాను.

కిల్‌కెన్నీలో సెయింట్ కానిస్ కెథడ్రల్ లోపల పియర్స్, అతని భార్య మార్గరెట్ ఫిట్జ్‌జెరాల్డ్ సమాధి ఉంది. ఆ ప్రాంతంలో దొరికే నల్లని సున్నపురాతిలో ఇద్దరి ప్రతిమలనూ పడుకున్న భంగిమలో చెక్కారు. అతను పూర్తి కవచంతో ఉన్నాడు. ఆమె పక్కనే అదే ఎత్తులో, నిండైన దుస్తుల్లో ఉంది. నేను వెళ్లినప్పుడు కిటికీ వెలుతురు ఏటవాలుగా పడి కవచం అతుకులు ఒక్కొక్కటీ విడిగా కనిపించాయి. ఆమె కిల్డేర్ ఎర్ల్ కూతురు, అంటే బట్లర్లకు తరతరాల ప్రత్యర్థులైన ఫిట్జ్‌జెరాల్డ్ వారి ఆడపడుచు.

రెండోది డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్ కెథడ్రల్‌లో ఉన్న ఒక పాత చెక్క తలుపు. దాని మధ్యలో పలక కొట్టివేసిన కంత ఉంది. 1492లో 6వ ఆర్మండ్ ఎర్ల్ వివాహేతర కుమారుడు నల్ల జేమ్స్ కిల్డేర్ ఎర్ల్ మనుషులకు భయపడి లోపల దాక్కున్నాడని, కిల్డేర్ ఎర్ల్ ఆ తలుపుకు కంత పెట్టించి సంధికి గుర్తుగా తన చేయి లోపలికి చాచాడని చెబుతారు. నరికేస్తారేమోనని తెలిసి కూడా చేయి చాచాడు. లోపలివాడు ఆ చేయి పట్టుకున్నాడు. ఆ నల్ల జేమ్స్‌ను ఐదేళ్ల తరువాత, 1497లో, చంపినది బయటి శత్రువు కాదు, పైన చెప్పిన ఎర్ర పియర్సే. ఆ తలుపు ముందు నిలబడి ఈ సంగతి తలచుకుంటే నాకు మనసు బరువెక్కింది. ఆర్మండ్ ఎర్ల్ ఇంగ్లండ్‌లో కూర్చుంటే ఇక్కడ భూముల మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకు వారు వెదుక్కున్న జవాబు అది.

గోదావరి గట్టు

నోర్ ఒడ్డు గారి రాత చదువుతుంటే ఆ తలుపు కళ్లకు కట్టింది. నా రెండో సందేహం భూముల గురించి. బిరుదు దాయాదికి, ఆస్తి కూతురికి వెళితే ఎర్ల్ అనిపించుకునేవాడు దేనితో బతుకుతాడు?

వంశలత

సరిగ్గా ఆ పరిస్థితే 1614లో వచ్చింది. 10వ ఎర్ల్‌ను నల్ల టామ్ అనేవారు. ఎలిజబెత్ రాణి కొలువులో పెరిగినవాడు, ఆమెకు బంధువు కూడా. క్యారిక్-ఆన్-షూర్‌లో అతను కట్టించిన భవనం ఇప్పటికీ ఉంది. పొడవైన హాలులో సున్నపు పూతతో మలిచిన రాణి ముఖాలు గోడ మీద వరుసగా కనిపిస్తాయి. అతనికి మిగిలింది ఒక్క కూతురు, ఎలిజబెత్.

అతని తమ్ముడు సర్ ఎడ్మండ్ సంతతికి బిరుదు రావలసింది. కానీ 1569లో ఎడ్మండ్ తిరుగుబాటు చేశాడు. సర్ పీటర్ క్యారూ అనే డెవన్ వాసి పాత పత్రాలు పట్టుకొచ్చి, కార్లో ప్రాంతంలో ఎడ్మండ్ అనుభవిస్తున్న భూమి తన పూర్వీకులదని వాదించగా ప్రభుత్వం అతని పక్షం వహించింది. ఆ అన్యాయానికి కోపించి ఎడ్మండ్ కత్తి పట్టాడు. 1570లో ఐరిష్ పార్లమెంటు అతనినీ ఇద్దరు తమ్ముళ్లనూ అటెయిండర్ చట్టంతో శిక్షించింది. రాజద్రోహి రక్తమే కలుషితమైందని, అతని ద్వారా ఏ వారసత్వమూ ప్రవహించదని దాని అర్థం. అందువల్ల నల్ల టామ్ మరణం తరువాత బిరుదు కిల్‌కాష్‌కు చెందిన మరో తమ్ముడు జాన్ కొడుకు వాల్టర్‌కు వెళ్లింది. వాల్టర్ నిష్ఠ గల కాథలిక్. జపమాల విడవని మనిషి కాబట్టి అతన్ని జపమాలల వాల్టర్ అన్నారు.

ఎలిజబెత్ రెండో భర్త రిచర్డ్ ప్రెస్టన్ స్కాట్లండ్ వాడు, రాజు 1వ జేమ్స్‌కు ఇష్టుడు. రాజు తానే మధ్యవర్తిగా కూర్చుని ఆస్తిలో పెద్ద భాగం ప్రెస్టన్ దంపతులకు తీర్పు చెప్పాడు. వాల్టర్ తలవంచలేదు. 1619 నుంచి 1625 వరకు లండన్‌లోని ఫ్లీట్ జైలులో గడిపాడు. 1628లో ప్రెస్టన్ సముద్రంలో మునిగిపోయాడు, ఎలిజబెత్ కూడా ఆ ఏడాదే కన్నుమూసింది. వారి ఏకైక కుమార్తె పేరు కూడా ఎలిజబెతే. 1629లో వాల్టర్ మనవడు జేమ్స్ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పదిహేనేళ్లు విడిపోయి ఉన్న బిరుదూ భూమీ ఒకే ఇంటికి వచ్చాయి.

వంశవృక్షాల్లో ఇలాంటి స్త్రీల పేర్లు చిన్న అక్షరాల్లో ఒక మూలన ఉంటాయి. బిరుదుల వరుస మాత్రమే చదివితే వారు కనపడరు. భూమి ఎటు పోయిందో చూస్తే ప్రతి మలుపులోనూ వారే కనపడతారు. ఈ చర్చ చదివేవారికి నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే: ఆర్మండ్ చరిత్రను ఎర్ల్‌ల సంఖ్యలతో కాక ఆడపడుచుల పెళ్లిళ్లతో కలిపి చదవండి.

చరిత్ర అభిమాని

ఆ జేమ్సే కదా తరువాత డ్యూక్ అయినది? 1642లో మార్క్వెస్, 1661లో ఐర్లండ్ డ్యూక్, 1682లో ఇంగ్లండ్ డ్యూక్ అని నా దగ్గర ఉంది. అతని మనవడు 2వ డ్యూక్ 1715లో సింహాసనం కోల్పోయిన స్టూవర్ట్ రాజవంశం పక్షం చేరి ఫ్రాన్స్‌కు పారిపోతే అటెయిండర్ పడింది. సర్ ఎడ్మండ్ విషయంలో వారసత్వాన్ని తెంచిన అటెయిండర్ ఇక్కడ ఎందుకు తెంచలేదు? 1791లో మళ్లీ ఆర్మండ్ ఎర్ల్ ఎలా పుట్టుకొచ్చాడు?

పాత దస్తావేజు

ఈ ఘట్టం నాకు చాలా ఇష్టం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2వ డ్యూక్ మీద అటెయిండర్ చట్టం చేసినది లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటు. అతని ఇంగ్లండ్ బిరుదులు దానితో పోయాయి. ఐర్లండ్ బిరుదులు కూడా పోయాయనే అందరూ అనుకున్నారు. భూములను అతని తమ్ముడు ఆరన్ ఎర్ల్ చార్లెస్ 1721లో తిరిగి కొనుక్కున్నాడు. అన్న 1745లో అవిన్యోన్‌లో ప్రవాసిగా మరణించాడు. చార్లెస్ 1758లో సంతానం లేకుండా పోయాడు. దాంతో 1వ డ్యూక్ మగ సంతతి ముగిసింది, ఐర్లండ్ డ్యూక్ బిరుదు అంతరించింది. ఆ తరువాత వరుస కిల్‌కాష్, గారీరికెన్ బట్లర్ల వైపు తిరిగింది. వారు ఎర్ల్ అని పిలిపించుకోకుండానే రెండు తరాలు గడిపారు.

చివరికి గారీరికెన్ శాఖకు చెందిన జాన్ బట్లర్ ఒక ప్రశ్న లేవనెత్తాడు. ఐర్లండ్ రాజ్యంలో ఇచ్చిన బిరుదును వేరే రాజ్యపు పార్లమెంటు ఎలా రద్దు చేస్తుంది? ఐరిష్ ప్రభువుల సభ 1791లో ఆ వాదనను అంగీకరించింది. 1328 నాటి బిరుదు ఎన్నడూ పోలేదని, అందువల్ల ఇతను 17వ ఎర్ల్ అని తేల్చింది. 1570 నాటి చట్టాన్ని చేసినది ఐరిష్ పార్లమెంటే. తేడా అక్కడ ఉంది. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. 1758లో మరణించిన చార్లెస్ తనకు తెలియకుండానే పదమూడేళ్లు ఆర్మండ్ 3వ డ్యూక్‌గా బతికాడు. చనిపోయిన ముప్పై మూడేళ్లకు ఆ సంగతి తేలింది.

ఈ జాన్ అక్క ఎలినార్ బట్లర్ గురించి కూడా చెప్పాలి. ఇంటివారి బలవంతపు ఏర్పాట్లకు లొంగకుండా 1778లో సారా పాన్సన్‌బీతో కలిసి ఇల్లు విడిచి, వేల్స్‌లోని లాంగోలెన్ ఊరిలో యాభై ఏళ్లు జీవించింది. తమ్ముడి బిరుదు తేలిన తరువాత ఆమె లేడీ ఎలినార్ అయింది.

గోదావరి గట్టు

డన్‌బాయిన్ శాఖలో ఒక బిషప్ ఉన్నాడని విన్నాను. ఆ కథ తెలిసినవారు చెబుతారా?

నోర్ ఒడ్డు

నేను చెబుతాను. డన్‌బాయిన్ పక్కనే మా మిత్రులు ఉంటారు కాబట్టి ఆ వివరాలు శ్రద్ధగా చదువుకున్నాను.

జాన్ బట్లర్ 1763 నుంచి కార్క్ నగరానికి కాథలిక్ బిషప్. 1785లో అన్న కొడుకు మరణించడంతో బారన్ బిరుదు ఈయన మీద పడింది. పెళ్లి చేసుకోకపోతే తన వరుస తనతోనే ముగుస్తుంది. అప్పటికే వృద్ధుడు. అయినా 1786లో పీఠానికి రాజీనామా చేసి, వివాహానికి అనుమతి కోరుతూ పోప్ 6వ పయస్‌ను ఆశ్రయించాడు. పోప్ నిరాకరించాడు. ఈయన తమ బంధువుల అమ్మాయిని పెళ్లాడి, 1787లో ప్రొటెస్టెంట్ చర్చ్ ఆఫ్ ఐర్లండ్‌లో చేరాడు. ఏ వారసుడి కోసం ఇదంతా చేశాడో ఆ వారసుడు దక్కలేదు.

1800లో మరణశయ్య మీద ఫాదర్ విలియం గహన్ చేతుల మీదుగా మళ్లీ పాత మతంలోకి వచ్చాడు. డన్‌బాయిన్ ఆస్తిని అప్పటికి ఐదేళ్ల కిందటే స్థాపించిన మేనూత్ కాథలిక్ కళాశాలకు వీలునామా రాశాడు. సోదరి ఆ వీలునామా చెల్లదని దావా వేసింది. ఎందుకంటే ప్రొటెస్టెంట్‌గా మారి తిరిగి కాథలిక్ అయినవాడు భూమిని వీలునామాతో ఇవ్వకూడదని నాటి చట్టం. కాబట్టి ఆయన ఏ మతంలో చనిపోయాడన్నదే వ్యాజ్యానికి కీలకమైంది. 1802లో ట్రిమ్ న్యాయస్థానంలో ఫాదర్ గహన్‌ను అడిగితే మరణశయ్య మీది పాపాల ఒప్పుకోలు రహస్యమని చెప్పి నోరు విప్పలేదు. న్యాయస్థానాన్ని ధిక్కరించినందుకు ఆయనను జైలుకు పంపారు, త్వరలోనే విడిచిపెట్టారు. తరువాత రాజీ కుదిరి కళాశాలకు కొంత భాగం దక్కింది. అక్కడి ఉన్నత విద్యా విభాగానికి డన్‌బాయిన్ పేరు అలా వచ్చింది.

బిరుదు మాత్రం దూరపు దాయాదికి వెళ్లి నేటికీ నడుస్తోంది. ఆ వరుసలో ఒక బారన్‌ను కొందరు 18వ వాడని, కొందరు 28వ వాడని రాస్తారు. 1541 నాటి రాజపత్రం నుంచి లెక్కపెట్టేవారిది మొదటి సంఖ్య, అంతకుముందు భూమితోపాటు వచ్చిన పాత బారన్ హోదాను కూడా కలుపుకునేవారిది రెండోది. ఇద్దరూ ఒకే మనిషి గురించే చెబుతున్నారు.

కొత్త చిగురు

ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. మార్క్వెస్ బిరుదు పోయింది, ఎర్ల్ బిరుదు నిద్రాణంగా ఉంది అన్నారు. మౌంట్‌గారెట్ వైకౌంట్ దానికి వారసుడని చాలాచోట్ల ఉంది. మరి ఆయనను ఆర్మండ్ ఎర్ల్ అని ఎందుకు అనరు?

వంశలత

ఎర్ర పియర్స్ పెద్ద కొడుకు 9వ ఎర్ల్ జేమ్స్, చిన్న కొడుకు మౌంట్‌గారెట్ రిచర్డ్. జేమ్స్‌కు నల్ల టామ్ కాక మరి ఆరుగురు కొడుకులున్నారు. వారిలో ఏ ఒక్కరికైనా సక్రమమైన మగ సంతతి ఎక్కడో మిగిలి ఉంటే హక్కు మౌంట్‌గారెట్ కంటే ముందు వారిది. శాఖలు ఎలా చెదిరిపోతాయో తెలియడానికి గాల్మోయ్ వైకౌంట్ల సంగతి చూడండి. 1646లో బిరుదు పొందిన వారు నల్ల టామ్ వివాహేతర కుమారుడి సంతతి కాబట్టి ఈ వారసత్వ వరుసలో మాత్రం లేరు. వారిలో 3వ వైకౌంట్ రాజు 2వ జేమ్స్ పక్షాన పోరాడి ఫ్రాన్స్‌కు వెళ్లిపోయాడు. దేశాలు పట్టి పోయిన శాఖల్లో ఎవరూ లేరని పత్రాలతో చూపించడం సులభమైన పని కాదు. లేరని రుజువు చేయడం ఉన్నారని రుజువు చేయడం కంటే ఎప్పుడూ కష్టం. అందరూ మౌంట్‌గారెట్ వైకౌంటే వారసుడని భావిస్తారు. అధికారికంగా రుజువై నమోదయ్యేవరకు బిరుదు ఆగి ఉంటుంది.

ఈ శాఖకు తనదైన గౌరవం కూడా తక్కువేమీ కాదు. 3వ మౌంట్‌గారెట్ వైకౌంట్ 1642లో కిల్‌కెన్నీలో ఏర్పడిన కాథలిక్ సమాఖ్య ఉన్నత మండలికి అధ్యక్షుడు. అదే సమయంలో రాజు పక్షాన సైన్యాన్ని నడిపినవాడు ఆర్మండ్ జేమ్స్. తాతల నాటి అన్నదమ్ములు ఎదురెదురు శిబిరాల్లో నిలిచారు.

పాత దస్తావేజు

కాహిర్ శాఖ సంగతి కూడా కలుపుతాను. 1543లో ఇచ్చిన బారన్ బిరుదు కొద్దికాలానికే అంతరిస్తే 1583లో మళ్లీ ఇచ్చారు. 1816లో గ్లెంగాల్ ఎర్ల్ అయ్యారు. 1858లో అన్నీ ముగిశాయి. అంతకంటే చెప్పవలసినది లేదు.

ఇక నేటి చట్టం. ఐర్లండ్ రాజ్యాంగం 40వ అధికరణం ప్రభుత్వం కులీన బిరుదులు ఇవ్వరాదని, ప్రభుత్వ అనుమతి లేకుండా పౌరులు స్వీకరించరాదని చెబుతుంది. మన రాజ్యాంగం 18వ అధికరణం చదివినవారికి ఇది పరిచితంగా అనిపిస్తుంది. ఆదేశిక సూత్రాల ఆలోచన మనకు ఐర్లండ్ రాజ్యాంగం నుంచే వచ్చిందని కూడా తెలిసిందే. పాత బిరుదులను అక్కడి చట్టం లాక్కోలేదు. అవి ఇప్పుడు బ్రిటన్ నమోదుల్లో బతుకుతున్నాయి. వాటితో నేడు ప్రభువుల సభలో కూర్చునే హక్కు కూడా లేదు.

నోర్ ఒడ్డు

కోట సంగతి చెప్పి ముగిస్తాను. 1391లో 3వ ఎర్ల్ కొన్న కిల్‌కెన్నీ కోటను కుటుంబం 1935లో విడిచి వెళ్లింది. సామాను వేలం వేశారు. 1967లో 6వ మార్క్వెస్ దాన్ని 50 పౌండ్లకు ఊరివారి పునరుద్ధరణ సంఘానికి అప్పగించాడు. ఇప్పుడు కోట ముందున్న పచ్చిక మీద పిల్లలు ఆడుకుంటారు. మా పిల్లలు కూడా ఆడుకున్నారు.

కొత్త చిగురు

మీరందరూ చెప్పినదాన్ని బట్టి పట్టిక తిరిగి రాసుకున్నాను. ప్రధాన శాఖ ఆర్మండ్, 1328, నిద్రాణం. డన్‌బాయిన్, 1541, ఉంది. మౌంట్‌గారెట్, 1550, ఉంది. కాహిర్, 1583, అంతరించింది. క్యారిక్, 1748, ఉంది. గాల్మోయ్, 1646, ప్రవాసంలో పోయింది. థర్ల్స్ వైకౌంట్, 1536, అంతరించిందో లేదో తెలియలేదు. లేన్స్‌బరో తీసివేశాను. తప్పులుంటే చెప్పండి.

వంశలత

ఒక్క సవరణ. థర్ల్స్ విడి శాఖ కాదు. అది ఆర్మండ్ వారికే ఉన్న ఉపబిరుదు, పెద్ద కొడుకును మర్యాదకు ఆ పేరుతో పిలిచేవారు. కాబట్టి దాన్ని ఆర్మండ్ వరుసలోనే రాయండి. జపమాలల వాల్టర్ పెద్ద కొడుకు థామస్ కూడా థర్ల్స్ వైకౌంటే. తండ్రి ఫ్లీట్ జైలులో ఉన్న 1619లోనే, డిసెంబరు నెలలో, ఇంగ్లండ్‌కు వెళుతూ వేల్స్ తీరంలోని స్కెరీస్ దగ్గర ఓడ మునిగి చనిపోయాడు. అందుకే ఎర్ల్‌ల వరుసలో 11వ వాడైన వాల్టర్ తరువాత 12వ వాడిగా మనవడు జేమ్స్ వస్తాడు. మధ్యలో ఉండవలసిన తండ్రి పేరు థర్ల్స్ దగ్గరే ఆగిపోయింది.